గరం కానియ్ అన్న మనిషి

మైకు ముట్టుకునే ముందర ఆయన చెప్పులు ఇడిచేటోడు.

గుడి ముందరనైనా అంతే, షాదీఖానాలనైనా అంతే, ఆషాఢంల బురద నిండిన గల్లీలనైనా అంతే. రెండు రబ్బరు చెప్పులు ఒకదాని మీద ఒకటి పెట్టి, లుంగీ మోకాళ్ల దాకా ఎగ్గట్టి, ఉత్తకాళ్లతోటి నేల మీద నిలబడి, మైకు గొట్టానికి చెయ్యి ఆనిచ్చేటోడు. అరచెయ్యి కాదు, చెయ్యి వెనుక దిక్కు. పిల్లకు జరం వచ్చిందేమోనని తల్లి మెడ కింద చెయ్యి పెట్టి చూసినట్టు. కండ్లు మూసుకునేటోడు. పెదవులు కదిలేవి. లెక్క పెడుతున్నడో, దువా చేస్తున్నడో, అన్నేండ్ల దోస్తీల నేను ఒక్కసారి సుత అడగలే. కొంచెం సేపయినంక చెయ్యి తిప్పి మైకును పిడికిట్ల పట్టేటోడు. రెండో చేత్తోటి పందిరి ఇనుప గుంజను పట్టుకొని అట్లనే నిలబడేటోడు.

చుట్టూ లొల్లి. పెండ్లివాళ్లు ఒక దిక్కు, కమిటీవాళ్లు ఒక దిక్కు. "ఏమైంది భాయ్, ఇగ శురూ చెయ్!" అని మీదికి వస్తుంటే, కండ్లు తెరవకుండ ఒక్కటే మాట అనేటోడు.

"గరం కానియ్."

పాత వాల్వుల ఆంప్లిఫయర్ మెషిన్ గద, లోపలి గాజు వాల్వులు వేడెక్కితేగని పలకదేమోనని అందరు ఊరుకునేటోళ్లు.

ఈ రెండు మాటలు ఇప్పుడు మీరు ఎక్కడనో ఒకకాడ చూసే ఉంటరు. పిల్లల టీషర్టుల మీద, ఫ్లైఓవర్ గుంజలకు అంటించిన పోస్టర్ల మీద. మా పట్నంల రెండేండ్ల సంది ఒక పాటల గుంపు మోపైంది. ఒక్కటి గాదు, అయిదారు బ్యాండులు. వాళ్లు వాయించేదాన్ని సైకెడెలిక్ రాక్ అంటరు. మా పడుచుతనంల దూరదేశాల పుట్టిన బాణీ. ఇప్పటి పిల్లలు దాన్ని మళ్ల తవ్వి తీసి, పాత మెషిన్లు, పాత గిటార్లు వెతికి వెతికి వాయిస్తున్నరు. ఒక్క పాట శురూ అయితే, నేను లాల్‌దర్వాజల ఆటో ఎక్కి బహదూర్‌పురా జూపార్కుకాడ దిగేదాకా అయిపోదు. గిటార్ చప్పుడు బాయిల పడ్డ బిందె లెక్క తిరుక్కుంట తిరుక్కుంట పోతది. గాజు పళ్లెంల నూనె, రంగునీళ్లు కలిపి, కింది నుంచి లైటు కొట్టి, ఎనుక గోడ మీద పారిస్తరు. నా భార్య ఒక్కసారి వచ్చి చూసి, "ఏంది, గోడకు కామెర్లయినయా?" అని అడిగి ఇంటికి పోయింది.

ఈ బ్యాండులన్నింటికి కలిపి ఉన్న పేరే 'గరం కానియ్'. పేపర్లోళ్లు గరం కానియ్ సౌండ్ అని రాస్తరు. ప్రతి ప్రోగ్రాంల స్టేజీ మీద ఒక పాత మెషిన్ పెడతరు. స్విచ్చి వేసినంక దాని వాల్వులు మెల్లగ నారింజ రంగుకు వస్తుంటయి. వచ్చినదాకా జనమంతా "గరం కానియ్! గరం కానియ్!" అని అరుస్తరు. ఆ మెషిన్ నాది. ఈ పేరు ఎక్కడికెల్లి వచ్చిందని అడిగితే అందరు నా దిక్కే చూపిస్తరు. నేను గొంతు సవరించుకుంట.

"మా కాలంల," అని మొదలుపెడుత, "చార్మినార్‌కాడ జడల జుట్టు ఫారినోళ్లు తిరిగేటోళ్లు. ఒకడు గిటార్ భుజానికేసుకొని నా మైక్‌సెట్ దుకాణానికి వచ్చిండు. నా మెషిన్ చూసి మోకాళ్ల మీద కూసున్నడు. వైరు గుచ్చి వాయించబోతుంటే నేను భుజం మీద చెయ్యి వేసి, 'గరం కానియ్ సాబ్' అన్న. ఆగిండు. వాల్వులు ఎర్రబడ్డయి. అప్పుడు తీగ మీటిండు సూడు! గుడి మీది పావురాలన్నీ లేచి మూడు సుట్లు తిరిగినయి. వాడు పొయ్యి వాళ్ల దేశంల అందరికి చెప్పిండట, పాటను తొందరపెట్టొద్దని హైదరాబాద్‌ల నేర్చుకున్ననని."

మొదట్ల ఒక్క ఫారినోడే ఉండేటోడు. ఏడాది తిరిగేసరికి ముగ్గురైన్రు. అందుల ఒకామె నన్ను లగ్గం చేసుకుంటనని మూడు దినాలు దుకాణం ముంగట కూసున్నది సుత.

సరే, చెప్పేస్త. ఫారినోడు వచ్చిన మాట నిజమే. సైకిల్‌కు గాలి కొట్టుకోనీకె పంపు అడిగిండు. మా దగ్గర పంపు లేదు. పోయిండు.

ఆ మాట నాది కాదు, ఆయనది. నేను దొంగిలించిన. ఆ దొంగతనంతోటి ఒక ఆడపిల్ల పానం మీదికి వచ్చేటిది. అందుకే ఇది రాస్తున్న. ఆయన పేరు మాత్రం రాయను. రాయొద్దన్నది ఆయన బిడ్డ. ఎందుకో చివరికి మీకే తెలుస్తది.

ఆయన బార్కస్ మనిషి. ముత్తాతలు అరబ్బు దేశం నుంచి నిజాం ఫౌజుల పనికి వచ్చినోళ్లట. ఆయన ఫౌజు మనిషి లెక్క ఉండేటోడే కాదు. సన్నగ, ముంగటికి వంగి, ఎప్పుడు ఏదో ఒకటి కూలుతదన్నట్టు చుట్టూ చూసుకుంట నడిచేటోడు. జామకాయలు లుంగీ ఒడిల పోసుకొని దుకాణానికి వచ్చేటోడు. వచ్చినంక జామకాయ నా చేతికిచ్చే ముందు ఆకాశం దిక్కు చూసేటోడు.

"మబ్బు పట్టిందా మియా?"

"ఎండాకాలంల మబ్బేంది భాయ్!"

"చూడనీకె ఏం పోతది?"

వానంటే ఆయనకు భయం. తడి అంటే భయం. ఏది ముట్టుకున్నా మొదలు చెయ్యి వెనుక దిక్కుతోటే ముట్టుకునేటోడు. నల్లా, తలుపు గొళ్లెం, హోటల్‌ల స్టీలు గ్లాసు. నేను కొత్త స్కూటర్ కొన్న దినం మిఠాయి తినే ముందు దాని హ్యాండిల్‌కు ఉల్టా చెయ్యి ఆనిచ్చి చూసిండు. "భాయ్, ఇది పెట్రోల్‌తోటి నడుస్తది" అన్న. "నాకెర్క" అన్నడు. ఆయన బిడ్డ సఫియా పుట్టినప్పుడు దవాఖానల గుడ్డల చుట్టి చేతికిస్తే, మొదలు పసిగుడ్డ నుదురుకు అట్లనే ఆనిచ్చిండట. అప్పుడు నవ్విండట. ఆయన నవ్వు నేను చూసింది తక్కువ.

పగటిపూట టెస్టర్ వాడడెందుకని నేను ఎక్కిరించేటోన్ని. "ఎండల టెస్టర్ లైటు కనబడ్తదా మియా? వెలిగిందో లేదో తెల్వక, వెలగలేదనుకోవాలె. చెప్పులిడిస్తే నా చెయ్యి నాకు చెప్తది, రబ్బరు చెప్పులుంటే దానికి సుత తెల్వదు" అనేటోడు. "మొదలే పిడికిలి పట్టొద్దు. పిడికిలిని కరెంటు మూస్తది, ఇడువనియ్యదు. ఉల్టా చెయ్యి అయితే దానంతటదే ఎనుకకు గుంజుకుంటది." ఇది ఆయన వందసార్లు చెప్పిండు. నేను వందసార్లు తల ఊపిన.

ఇప్పుడు ఆ ప్లగ్గు సంగతి చెప్పాలె.

మా పాత మెషిన్‌కు రెండు పిన్నుల ప్లగ్గు ఉండేది. ఒక తీరుగ పెడితే మెషిన్ మంచిగుంటది. తిప్పి పెడితే కరెంటు మెషిన్ రేకు మీదికి ఎక్కుతది, ఆడికెల్లి వైరు పట్టుకొని మైకు గొట్టం మీదికి వస్తది. పాట మాత్రం రెండు తీర్ల గూడ ఒక్కతీరుగనే వినబడ్తది. అదే దగా. చెవికి తెల్వదు. అందుకే ఆయన ఇంట్ల భాబీ గోర్ల రంగు తెచ్చి ప్లగ్గు మీద ఎర్రచుక్క పెట్టిండు. ఎర్రచుక్క పైకి ఉండాలె. ఎక్కడికి పోయినా, ఏ బోర్డు అయినా, చుక్క పెట్టి, చెయ్యి ఆనిచ్చి, బోర్డే ఉల్టా ఉంటే ప్లగ్గు తిప్పేటోడు.

మా ఇద్దరికి ముప్పై నిండని కాలం. లాల్‌దర్వాజ బోనాలు. పొద్దుగాల సంది ముసురు. గల్లీ మూల మీద హారన్ పలుకుతలేదని ఆయన నిచ్చెన ఎక్కిండు. ఇంతల కరెంటు పోయింది. పక్కింటిది వేరే లైను, అక్కడ ఉన్నది, ఆడికెల్లి నేను వైరు గుంజిన. మా గల్లీల పాలమ్మే అత్త ఒకామె, మైకు లేకున్నా నాలుగు గల్లీలు వినే గొంతు, పాట ఎత్తుకోనీకె నిలబడ్డది. చేతులు తడి, కాళ్లు తడి. కమిటీవాళ్లు గడియారాలు చూసుకుంటున్నరు.

నిచ్చెన మీదికెల్లి ఆయన అరిచిండు. "ఆగు మియా! నేను దిగొస్త!"

ఎవరో తొందరపడి ప్లగ్గు పెట్టేసిన్రు.

ఈ వాక్యం నేను చాలా ఏండ్లు ఇట్లనే చెప్పిన. 'ఎవరో' అని. ఎవరో కాదు, నేను. చుక్క పైకి ఉందో కిందికి ఉందో చూడలే. చూసినా ఏమైతుండె, పక్కింటి బోర్డు ఉల్టాది. అందరు నా దిక్కే చూస్తున్నరు, నాకు అది మస్తు మంచిగనిపించింది. స్విచ్చి వేసిన.

అత్త ఒక్క వరుస పాడింది. గల్లీ అంతా ఆగిపోయింది. రెండో వరుసకు ఆమె మైకును గట్టిగ పట్టుకున్నది. పాట ఆగింది, నోరు మాత్రం తెరిచే ఉన్నది. ఆమె పిడికిలి ఇడుస్తలేదు. దేవత పూనిందని కొందరు చేతులు జోడించిన్రు. అది నేను సచ్చేదాక మర్చిపోను. మొక్కుతున్నరు.

ఆయన నిచ్చెన మీదికెల్లి దూకిండు. మడమ బెణికింది, ఆ కాలీడ్చుకుంటనే వచ్చి వైరు గుంజి పారేసిండు. ఆమె బతికింది. కుడిచెయ్యి మాత్రం బతుకమ్మ పండుగ దాకా వణికింది. గొంతు మంచిగనే ఉన్నది గని, మళ్ల ఎన్నడు మైకుకాడికి రాలే.

కమిటీ పెద్దమనిషి మా ఇద్దరి ముందటికి వచ్చిండు. "ఎవడ్రా పిన్ను పెట్టింది?"

నేను నోరు తెరిచిన. నా పక్కకెల్లి ఆయన అన్నడు. "నేను పెట్టిన సాబ్. గల్తీ నాది."

ఆ దినం, ఆ గల్లీల, బోనాల జనం ముందర, ఆయన ముసల్మాన్ పేరుతోటి, ఆ మాట అననీకె ఎంత గుండె గావాలెనో పాతబస్తీల పెరిగినోళ్లకు నేను చెప్పనక్కర లేదు. నేను అడ్డం పడ్డ, 'కాదు సాబ్, నేనే' అన్న, ఆయన నా నోటికి చెయ్యి అడ్డం పెట్టిండు అని నా భార్యకు చెప్పుకున్న. అడ్డం పడలే. ఆయన నా నోరు మూయలే. నేనే మూసుకున్న.

వారం దినాలైనంక అడిగిన, ఎందుకట్ల చెప్పినవని. జామకాయ కోసుకుంటున్నడు. తల ఎత్తలే.

"నీ ఇల్లు ఈ గల్లీలనే ఉన్నది మియా. రేపు పొద్దుగాల ఆమె ఇంటి ముంగటికెల్లే పాలకు పోవాలె నువ్వు. నాదేముంది, నేను బార్కస్ పోత."

అప్పటి సంది లాల్‌దర్వాజల ఆయన జనం ముందు మైకుకాడ నిలబడలే. కమిటీ వద్దన్నది. తెల్లారకముందే వచ్చి, చెప్పులిడిచి, చెయ్యి పెట్టి చూసి, గల్లీ చివర హోటల్‌ల పొద్దంతా కూసునేటోడు. జనంల నేనుండేటోన్ని, ఎర్ర రుమాలు మెడకు చుట్టుకొని. మిగిలిన ఊరంతట, షాదీలల, దర్గాల ఉర్సులల, బడి పండుగలల, ఆయనే నిలబడేటోడు. గరం కానియ్ అనుడు అప్పుడు మొదలైంది. వాల్వులు వేడెక్కనీకె బీడీ ముట్టించినంత సేపు చాలు. ఆయన, వేడెక్కినంక సుత షాక్ వస్తదేమోనని, చాయ్ తాగినంత సేపు పట్టుకొనే ఉండేటోడు.

"నిజం చెప్పరాదా భాయ్, షాక్ ఉందేమో చూస్తున్ననని?" అన్న ఒకసారి.

"చెప్తే మైకు ఎవరు ముట్టుకుంటరు? పెండ్లిపిల్ల నాయిన గుండె ఆగుతది. ఎందుకు ఫికర్ పడుతున్నవంటే, ఆ దినం సంగతి సుత చెప్పాలె." ఒక్క నిమిషం నా మొఖం దిక్కు చూసిండు. "గరం కానియ్ అంటే జనం మెషిన్ దిక్కు చూస్తరు. నా చెయ్యి దిక్కు చూడరు."

అంటే, ఇప్పుడు పట్నమంతా అరుస్తున్న ఆ పేరు, నా తప్పు మీద ఆయన కప్పిన గుడ్డ.

రెండేండ్ల కింద ఇద్దరు పిల్లలు నా దుకాణం వెతుక్కుంట వచ్చిన్రు. గిటార్ వాయించే నవాజ్, పాడే సింధు. అప్పటికి దుకాణంల కిరాయి కుర్చీలే మిగిలినయి. పాత వాల్వుల మెషిన్ ఉన్నదా అని అడిగిన్రు. తాటిపత్రి కిందికెల్లి తీసి, దులిపి, స్విచ్చి వేసిన. నవాజ్ తొందరపడి వైరు గుచ్చబోయిండు.

"గరం కానియ్" అన్న.

సింధు ఎగిరి గంతేసింది. "తాతా! ఏమన్నరు? మళ్ల అనుండ్రి!"

మళ్ల అన్న. ఆ పిల్ల నోట్‌బుక్ తీసి రాసుకున్నది. అప్పుడు చెప్పాల్సింది, ఇది నా మాట కాదని. ఫారినోని కథ చెప్పిన. ఆయన మాట నోట్లకెల్లి వచ్చింది గని, మైకు మీద పెట్టాల్సిన చెయ్యి జేబులనే ఉన్నది.

మెషిన్ వాళ్లకిచ్చిన. ప్రోగ్రాంలు మొదలైనయి. నాకు ముందు వరుసల కుర్చీ, మీద శాలువా. ప్రతిసారి సింధు మైకుకాడికి వస్తుంటే నేను కుర్చీ అంచుకు జరిగేటోన్ని. ఆ పిల్ల స్టేజీ మీద చెప్పులేసుకోదు, అదొక అలవాటు. ఎర్రచుక్క పైకే ఉన్నదా అని దూరంకెల్లి చూసేటోన్ని, నా కండ్లకు ఆనేది కాదు. లేచి పొయ్యి చెయ్యి పెడితే, ఎందుకు తాతా అని అడుగుతరు. ఎందుకో చెప్తే అంతా చెప్పాలె. పాట అయిపోయేదాక కుర్చీ చేతులు పట్టుకొని కూసునేటోన్ని. పాట మంచిగుందని తల ఊపుతున్న అనుకునేటోళ్లు.

మొన్న చలికాలంల ఆయనను చూడనీకె బార్కస్ పోయిన. కుడిపక్క పడిపోయింది. మంచానికి ఆనుకొని కూసోబెట్టింది సఫియా. నేను ఫోన్ తీసి ప్రోగ్రాం వీడియో చూపిచ్చిన. అంతమంది పిల్లలు ఆయన మాట అరుస్తుంటే ఆయన మొఖంల ఏదన్న మెరుస్తదేమోనని చూస్తున్న. మెరవలే. ఎడమచెయ్యి మెల్లగ లేపి, ఉల్టా తిప్పి, ఫోన్ అద్దానికి ఆనిచ్చిండు.

"చెయ్యి ఎవరు పెడ్తున్రు?" అన్నడు.

మాట సరిగ వస్తలేదు. అయినా అర్థమైంది.

"నేనే భాయ్."

"చెప్పులు?"

"ఇడుస్తున్న."

"ఆ పిల్ల ఉత్తకాళ్లతోటి ఉన్నది."

"అందుకే ముందుగాల నేను పట్టుకుంటున్న. చాయ్ తాగినంత సేపు."

కండ్లు మూసుకున్నడు. "మంచిది. ఇగ నాకు ఫికర్ లేదు."

నేను చాలా అబద్ధాలు ఆడిన. ఫారినోళ్లు, పావురాలు, లగ్గం చేసుకుంటనన్న దొరసాని. వాటితోటి ఎవరికి నష్టం కాలే. ఈ ఒక్కటి గొంతుల ఎముక లెక్క అడ్డం పడ్డది. అయినా మింగుకుంటనే ఉన్న.

ఎండాకాలం చివర్ల సఫియా ఫోన్ చేసింది. "చాచా, అబ్బా పోయిండు." నేను పోయేసరికి వాకిలి నిండ చెప్పులు. అందరివి చెల్లాచెదురు. గోడ మూలకు ఒక్క జత, రబ్బరువి, ఒకదాని మీద ఒకటి. ఎవరు కదపలే వాటిని. ఆయన మంచాన పడ్డప్పటి సంది అవి అట్లనే ఉన్నయట.

ఆయన పోయి నలభై దినాలు కాకముందే ఈ పిల్లల మొదటి రికార్డు విడుదల పెట్టుకున్నరు. పాతకాలం నల్లపళ్లెం రికార్డు. కవర్ ఎట్లుంటదో నవాజ్ ఫోన్‌ల చూపిచ్చిండు. ముంగట నా ఫోటో. ఎనుక, గరం కానియ్ అనే పేరు ఎట్ల వచ్చిందో, ఫారినోని కథ. ప్రోగ్రాం తెల్లారి అచ్చుకు పోతదన్నడు. నవాబుల కాలం నాటి పాత దేవిడీ బంగళా ఆవరణల ప్రోగ్రాం. మధ్యాహ్నం వాన దంచి కొట్టింది. సాయంత్రానికి తెరిపిచ్చింది. తడి బండల మీద తివాచీలు పరిచిన్రు. అవి నీళ్లు పీల్చుకొని నల్లబడ్డయి.

ముందుగాల పోయి మెషిన్ దిక్కు చూసిన.

"నవాజ్, దీని ప్లగ్గు ఏమైంది?"

"పగిలింది చిచ్చా. నిన్న కొత్తది వేసిన."

కొత్త ప్లగ్గు తెల్లగ మెరుస్తున్నది. చుక్క లేదు. సింధు చేతిల గిటార్ ఇంకో మెషిన్‌కు కలిపి ఉన్నది, మూతికాడి మైకు మా పాత మెషిన్‌కు. రెంటికి నడుమ ఆ పిల్ల, తడి తివాచీ మీద, ఉత్తకాళ్లతోటి.

"మైకు మంచిగ పలుకుతున్నదా?" అన్న.

"ఫస్ట్ క్లాస్ చిచ్చా. నవ్వుతున్నది మైకు."

చెప్పిన గద, చెవికి తెల్వదని. బూట్లేసుకొని మైకు పట్టుకున్న నవాజ్‌కు సుత తెల్వదు.

చెప్దామని నోరు తెరిచిన. ఎవరో వచ్చి శాలువా కప్పి, కుర్చీకాడికి తీసుకపోయిన్రు. కూసున్న. స్విచ్చి వేసిన్రు. జనం లేచిన్రు. గోడ మీద రంగులు పారుతున్నయి. "గరం కానియ్! గరం కానియ్!" వాల్వులు నారింజ రంగుకు తిరుగుతున్నయి. నా చుట్టు అందరు మెషిన్ దిక్కే చూస్తున్నరు. నాకు మాత్రం పాలమ్మే అత్త తెరిచిన నోరు కనబడ్తున్నది, మొక్కుతున్న చేతులు కనబడ్తున్నయి. సింధు ఒక్కడుగు ముందటికి వేసింది. ఇంకొకటి.

నేను పులి లెక్క స్టేజీ మీదికి దూకిన.

దూకలే. "ఆగు బిడ్డా" అని కీచుగొంతుతోటి అరిచిన. నవాజ్ ఏమైందోనని ఉరికివచ్చి సంకల కింద చేతులు పెట్టి ఎక్కిచ్చిండు. ఎక్కినంక చెప్పులిడిచిన. ఒకదాని మీద ఒకటి పెట్టిన. తివాచీ చల్లగ ఉన్నది. చెయ్యి ఉల్టా తిప్పి మైకు గొట్టానికి ఆనిచ్చిన.

మోచేతి లోపలికెల్లి ఎవరో ఎముకను గుంజినట్టైంది. చెయ్యి దానంతటదే ఎగిరి నా ఛాతీకి కొట్టుకున్నది. జనం చప్పట్లు కొట్టిన్రు. సింధు నవ్వుతున్నది, ఇదంతా ప్రోగ్రాంల భాగమనుకొని.

"ముట్టుకోకు!" అన్న. నా గొంతు నాకే కొత్తగ ఉన్నది. "నవాజ్, ప్లగ్గు తియ్యి. తిప్పి పెట్టు."

నవాజ్ నా చెయ్యి చూసిండు, సింధు కాళ్లు చూసిండు. పొయ్యి తిప్పిండు. వాల్వులు చల్లారి మళ్ల మొదటి నుంచి వేడెక్కుడు శురూ చేసినయి. జనం మళ్ల అరుస్తున్నరు. మళ్ల ఉల్టా చెయ్యి ఆనిచ్చిన. ఆయన ఇన్నేండ్లు ప్రతిసారి ఈ భయాన్నే పట్టుకున్నడా అనిపించింది. ఏం లేదు. ఉత్త ఇనుము. పిడికిట్ల పట్టిన. రెండో చేత్తోటి ఇనుప గుంజ పట్టిన. కండ్లు మూసుకున్న.

నా పెదవులు వాటంతట అవే కదిలినయి. ఆయన ఏమనేటోడో నాకు ఇప్పటికీ తెల్వదు. నేను ఏమంటున్ననో జనం అరుపు ఒక్కసారిగ ఆగినప్పుడు నాకు వినబడ్డది. వాల్వులు వేడెక్కినయి. మైకు పలుకుతున్నది. నాలుగు దిక్కుల పెట్టెలకెల్లి నా గొంతే వస్తున్నది.

"నేనే పెట్టిన. పిన్ను నేనే పెట్టిన. నేనే పెట్టిన."

అక్కడ నిలబడి మొత్తం కథ చెప్పిన, జనమంతా ఏడ్చిన్రు అని రాద్దామనుకున్న. లేదు. మూడు సార్లు అదే మాట అని, మైకు ఇడిచి, దిగి వచ్చిన. పాట నడిచింది. నేను అంతా చెప్పింది ప్రోగ్రాం అయిపోయినంకనే, ఎనుక కుర్చీలు మడుస్తుంటే, ఆ ఇద్దరికి. నవాజ్ తల పట్టుకొని కూసున్నడు. సింధు చాలాసేపు తన కాళ్ల దిక్కు చూసుకున్నది.

"మరి కవర్ మీద ఏం రాయాలె తాతా?" అన్నది.

"ఆయన బిడ్డనడుగు."

అడిగింది. అబ్బా పేరు వద్దన్నది సఫియా. పేరు రాస్తే ఆ దినం సంగతి రాయాలె, ఆ సంగతి దాచనీకెనే గద అబ్బా అన్నేండ్లు హోటల్‌ల కూసున్నది, అన్నది. దాచాల్సిన అవసరం ఇగ లేదని చెప్పనీకె నేను ఇది రాస్తున్న. ఆయన పేరు మాత్రం ఆమెకే వదిలేస్తున్న. కవర్ మీద నా ఫోటో తీసేసిన్రు. ఉల్టా తిప్పిన చెయ్యి బొమ్మ ఒకటి వేసిన్రు. కింద ఏం రాయలే.

నవాజ్ మూడు పిన్నుల ప్లగ్గు పెట్టిచ్చి, ఎర్తు వైరు లాగిచ్చిండు. ఇగ భయం లేదన్నడు. అయినా పోయిన ప్రోగ్రాంకు సింధు రబ్బరు చెప్పులేసుకొని వచ్చింది. స్టేజీ మీద వాటిని ఇడిచి, ఒకదాని మీద ఒకటి పెట్టి, మైకుకు చెయ్యి వెనుక దిక్కు ఆనిచ్చి, కండ్లు మూసుకున్నది. నేను ముందు వరుసల కుర్చీ చేతులు పట్టుకొని కూసున్న, పాత అలవాటు.

జనం గరం కానియ్ అని అరుస్తనే ఉన్నరు. మెషిన్ దిక్కు ఒక్కరు సుత చూస్తలేరు.